రాసుకోని కొలతలు

"నేను చెప్పిన మూడు మాటలు మళ్ళీ చెప్పండి," అంది డాక్టరమ్మ.

దర్జీ నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరి కొలతలూ కాగితం మీద పెట్టని మొనగాడికి మూడు మాటలు ఒక లెక్కా? నోరు తెరిచాడు. ఒక్కటీ రాలేదు.

"మొన్న ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. కుడిచేత్తో పనిలేనివాడు దొరికితే అంటగడదామని చూస్తున్నాను," అన్నాడు.

"హెచ్‌ఐవీ మీ మెదడులోని కాపలా కణాల్లో చేరుతుంది. అవి విడిచే విషానికి పక్కనున్న నరాల కణాలు దెబ్బతింటాయి. ఈ మరుపు అందుకే. దానికిచ్చిన మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అంది డాక్టరమ్మ.

"తప్పకుండా."

పక్కనే కూర్చున్న భార్య సంచిలోంచి మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టింది. పోయిన నెల ఆసుపత్రిలో ఇచ్చిన సీసా అది. మూత సీలైనా విప్పలేదు.

దర్జీ అబద్ధమాడలేదు. రోజూ మింగుతున్నాననే అనుకున్నాడు.

"నా బుర్ర నాకే టోకరా వేసిందన్నమాట. అయినా నీ జాకెట్టు కొలతలు అడుగు, నిద్రలో లేపినా చెప్తా," అంటూ భార్య వైపు తిరిగి గడగడా అప్పజెప్పాడు.

"అవి పెళ్ళినాటివి," అంది భార్య మెల్లగా. "ఇంటికెళ్ళాక మళ్ళీ కొలవండి. ఈసారి రాసుకోండి."

దర్జీ బల్ల మీది కలం అందుకున్నాడు.

"ఆ మూడు మాటలూ ఇంకోసారి చెప్పండమ్మా. ముందు అవి రాసుకుంటాను."