నా పేరు చదవగలరు

రేడియో మీద ఒక ఖాళీ పోస్టుకార్డు ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దయావతి దాని మీద అగ్గిపెట్టె పెట్టింది.

"కూసో అన్నా. ఇయ్యాల 'పొదుపు దారి'ల మన ఫైనాన్స్ కంపెనీ ముచ్చట చెప్తరేమో. ఆ మాటలు నాకు సమజ్ గావు. నువ్వు విని చెప్పు. ఎనుక నా పేరు మీద ఈ కార్డు గూడ రాసిపెట్టు."

కూర్చున్నాను. పనుందని తప్పించుకుందామనుకున్నాను గానీ, గురువారం సాయంత్రం ఆరున్నరకి రేడియో కాక నాకింకో పని ఉంటుందంటే ఇంద్రేశంలో ఎవరూ నమ్మరు.

నా పేరు సత్యానందం. ఫ్యాక్టరీలో 'రేడియో సత్యం' అంటారు. వాటాలు, బ్యాంకు వడ్డీలు, పోస్టాఫీసు పథకాలు... గురువారం విన్నదంతా శుక్రవారం క్యాంటీన్‌లో చెప్పేవాణ్ని, అదేదో నేనే కనిపెట్టినట్టు.

ఆ కార్యక్రమానికి పదకొండేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. ప్రతి కార్డు అడుగునా ఒకటే మాట: దయచేసి నా పేరు చదవగలరు.

చదివినప్పుడల్లా అందరికీ చాయ్ తాగించాలి. అది మా దగ్గర రివాజు. గర్వంగా తాగించేవాణ్ని.

దయావతి భర్త దావీదు నా పక్క మిషను మీదే పనిచేసేవాడు. అతను పోయాక వచ్చిన సొమ్ము ఎక్కడ దాచాలని ఆమె నన్నే అడిగింది. పటాన్‌చెరులో కొత్తగా తెరిచిన ఫైనాన్స్ కంపెనీలో నేనే వేయించాను. నెలనెలా వచ్చే వడ్డీతో ఆమె కూతురు జయశీల సంగారెడ్డిలో నర్సింగు చదువుతోంది.

నా సొమ్ము కూడా అందులోనే ఉంది. ఆమెకు అదే ధైర్యం.

తొంభై ఎనిమిది మార్చిలో వడ్డీ ఆగింది.

"వస్తయి చెల్లె, పరేషాన్ గాకు" అన్నాను. ఆ సాయంత్రమే రేడియోకి రాశాను. జవాబు పోస్టులో వచ్చింది: ఆలస్యం చేయకుండా వెనక్కి తీసుకోండి.

తీసుకున్నాను. మేనేజరు చెక్కు చేతిలో పెడుతూ, "గుట్టుగా ఉంచండి. నలుగురికీ తెలిస్తే ఇదీ చెల్లదు" అన్నాడు.

చెక్కు పాసయ్యేదాకా ఆగి ఆమెకు చెబుదామనుకున్నాను. పాసయింది. ఆదివారం చర్చి బయట చెప్పబోయాను. 'నీది ముందే ఎందుకు తీసుకున్నావన్నా' అని అడుగుతుందేమోనని భయమేసింది. ఎండల గురించి మాట్లాడి వచ్చేశాను.

పై ఆదివారమూ ఎండల గురించే మాట్లాడాను.

ఆ వారంలోనే కంపెనీకి తాళం పడింది.

తాళం ముందు జనంలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది దయావతి. కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని, "నీయి గూడ పాయె గదన్నా. నువ్వు మాత్రం ఏం జేస్తవ్" అంది.

తల ఊపాను. దేవుడు చూస్తుండగానే ఊపాను.

అన్న కూడా నష్టపోయాడని ఆ వారంలో రెండుసార్లు గిన్నెలో కూర పంపింది. సిగ్గు లేకుండా తిన్నాను.

రేడియోలో ఎప్పటి గొంతే, తీయగా: "ఇప్పుడు శ్రోతల ఉత్తరాలు. పటాన్‌చెరు మండలం ఇంద్రేశం నుంచి సత్యానందం గారు..."

"అన్నా, నీ పేరు!" దయావతి ముఖం వెలిగింది. గబుక్కున సౌండు పెంచింది.

"...రాస్తున్నారు. 'మీ సలహా విని, ఫైనాన్స్ కంపెనీలో ఉన్న నా డిపాజిట్టు ఏప్రిల్ పదిహేనో తేదీన పూర్తిగా వెనక్కి తీసుకున్నాను. నన్ను కాపాడిన మీకు కృతజ్ఞతలు.' చాలా సంతోషం సత్యానందం గారూ. మీలాంటి మెలకువ గల శ్రోతలే మాకు గర్వకారణం."

చెక్కు పాసయిన రోజే రాశాను ఆ కార్డు. దయావతితో చెప్పడానికి రాని మాటలు రేడియోకి రాయడానికి ఎంత చక్కగా వచ్చాయో! నెలన్నర దాటింది కదా, ఇంక చదవరులే అనుకున్నాను.

అడుగున అలవాటు చొప్పున ఆ మాట కూడా రాశాను మరి.

రేడియో పోస్టాఫీసు పథకాల్లోకి వెళ్లిపోయింది. దయావతి చెయ్యి ఇంకా సౌండు గుండీ మీదే ఉంది. ఆమె నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

గోడ అవతల నుంచి మొగులమ్మ కేకేసింది. "సత్యమన్నా! రేడియోల నీ పేరొచ్చె! రేపు మాకు చాయ్ తాపియ్యాలె!"

దయావతి రేడియో కట్టేసింది. అగ్గిపెట్టె పక్కకు తీసి, కార్డు నా ముందు పెట్టింది.

"రాయి" అంది. అన్నా అనలేదు.

"ఏమని రాయాలె?"

"నా పైసల కోసం ఎవలిని అడగాల్నో అడుగు."

రాశాను. ఆమె ఇంకా ఏదో చెప్పాలన్నట్టు నిలబడే ఉంది.

"అడుగున నా పేరు సదవొద్దని రాయి. నలుగుర్ల నాకు సిగ్గయితది."

పదకొండేళ్లలో ఎన్ని కార్డులు రాశానో లెక్కలేదు. ఆ మాట మాత్రం నేనెన్నడూ రాసి ఎరగను.