ముల్లు మీద ఇల్లు

గొర్రెల కాపరి ఓబులేసు మడమలో తుమ్మముల్లు దిగి లోపలే విరిగిపోయింది. ముల్లుతోపాటు కొన్ని క్రిములూ లోపలికి వెళ్లాయి. వాటిలో పెద్దది జిగురవ్వ. వెళ్లీ వెళ్లగానే ముల్లును కరుచుకుని, తన ఒంటి జిగురుతో గోడ కట్టడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ ఒంటిగాడా, నువ్వూ లోపలికి రారా," అని పక్క క్రిమిని పిలిచింది.

"ఆ ఇరుకు కొంప నాకెందుకవ్వా? నెత్తుట్లో ఈదుకుంటూ ఒళ్లంతా తిరిగొస్తా," అన్నాడు ఒంటిగాడు.

మర్నాడు ఓబులేసు గాయపాకు నలిపి పుండులో పసరు పిండుకున్నాడు. ఇంకా పుండు దాటని ఒంటిగాడు గిలగిలా కొట్టుకుని చచ్చాడు. గోడ లోపలికి మాత్రం పసరు చుక్క కూడా దిగలేదు. "చెబితే విన్నాడు కాదు," అనుకుని జిగురవ్వ ఓ కునుకు తీసింది.

వాపు తగ్గింది. ఓబులేసు గొర్రెల వెంట పోయాడు. అప్పుడు జిగురవ్వ లేచి, గోడ లోపల పుట్టిన తన పిల్లల్ని కొందర్ని బయటికి తోలింది. మళ్లీ చీము, మళ్లీ జ్వరం, మళ్లీ పసరు. మూడు నెలలు ఇదే తంతు. ప్రతిసారీ గోడ ఇంకాస్త మందమయ్యేది.

"ఈ గోడ ఉన్నన్నాళ్లూ మనల్ని ముల్లు మీంచి కదిలించే మొనగాడు లేడు," అని జిగురవ్వ మనవలకు చెప్పుకునేది.

చివరికి ఓబులేసు పెళ్లాం సుంకులమ్మ విసిగిపోయి, మొగుడి కాలు ఒళ్లో పెట్టుకుంది. "పసరు పోస్తానే ఉన్నావు, లోపల ఏముందో ఒక్కనాడైనా చూసుకున్నావా?" అంటూ సూదితో మడమ కెలికింది. ముల్లు విరిగిన కొస దొరకబుచ్చుకుని లాగి, పొయ్యిలో పడేసింది.

జిగురవ్వ చెప్పింది నిజమే. గోడ గట్టిదే. పొయ్యిలో పడేదాకా ముల్లు మీంచి ఒక్క పిల్ల కూడా జారిపోలేదు.