రేపటి టమాటాలు

పన్నెండేళ్లు మా హోటల్‌కి కూరగాయలు వేసింది మా బావమరిదే. అడిగినదానికంటే ఎప్పుడూ ఒక కిలో ఎక్కువ తెచ్చేవాడు. "ఉంచు బావా, ఎవరో ఒకరు తినడానికి రాకపోరు" అనేవాడు.

బల్లల దగ్గర కూర్చుని తినేవాళ్లు ఎప్పుడో పల్చబడ్డారు. మా భోజనాలు ఇళ్లకు చేరవేసే కంపెనీయే దిక్కయింది. సరుకులు కూడా తామే పంపుతామంది. కాదంటే ఏం ముంచుకొస్తుందోనని, బావమరిదిని నేనే మానిపించాను. మా ఆవిడ వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

ఇప్పుడు రేపటికి ఏం కావాలో నన్నెవరూ అడగరు. వాళ్ల యాప్ చెబుతుంది, పొద్దున్నే వ్యాను వచ్చి దింపిపోతుంది. మొదట్లో రోజుకి పన్నెండు కిలోల టమాటాలు. సాయంత్రానికి ఒక్కటి మిగిలితే ఒట్టు. "చూశావా, ఎంత కచ్చితమో!" అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

తర్వాత పక్క వీధిలో ఆ కంపెనీయే భోజనాలు వండి అమ్మడానికి సొంతంగా ఒక వంటిల్లు తెరిచింది. ఆ నెలలో టమాటాలు ఎనిమిది కిలోలయ్యాయి. మొన్న మూడుకి దిగాయి.

ఒళ్లు మండి కంపెనీకి ఫోన్ చేశాను. "మూడు కిలోలతో హోటల్ నడుస్తుందా అమ్మా?"

"సరిపోతాయి సార్," అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా. "మీకు ఎన్ని ఆర్డర్లు పంపాలో మేం ముందే చూసుకుంటాం కదా!"

నిజమే. సరిగ్గా సరిపోయాయి.

ఇందాక మా ఆవిడ ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. రేపటి సరుకుల జాబితా ఖాళీగా ఉంది.

"ఏవండీ, రేపు మనకి సెలవా? మీకేమైనా చెప్పారా?"