కప్పిపెట్టేది వద్దు

"మేడమ్, మా బజారుల నన్ను తాగుబోతు అంటాన్రు" అన్నాడు సదానందం, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

చర్మవ్యాధుల డాక్టర్ అక్షర తలెత్తి చూసింది. రెండు బుగ్గలూ ముక్కూ పండుమిరపకాయ రంగులో ఉన్నాయి.

"తాగుతరా?"

"చుక్క ముట్ట. సమ్మక్క తల్లి తోడు!"

"నేను గూడ అందరికీ అదే చెప్తాన్న, మేడమ్" అంది పక్కనున్న భార్య అనసూయ.

సదానందానికి వరంగల్ కాశిబుగ్గలో కారం పట్టే గిర్ని ఉంది. నాలుగేళ్ల కిందట ముఖం ఎర్రబడటం మొదలైనప్పుడు కారం ఘాటు అనుకున్నారంతా. ఎంతకీ తగ్గకపోయేసరికి మందు తాగుతున్నాడన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే బజారు అది. ఈసారి వినాయక కమిటీ పెద్దరికం సదానందానిదే కావాలి. "తాగెటోన్ని దేవుని ముందట ఎట్ల కూసోవెడ్తం?" అని బట్టల కొట్టు చంద్రమౌళి అడ్డం పడ్డాడు. పండుగకు ఇంకా మూడు నెలలుంది. పదవి సంగతి అటుంచి, ఉన్న పరువు పోయిందని సదానందానికి తిండి సహించడం లేదు.

"దీన్ని రొజేషియా అంటరు. అసలు తాగనోళ్లకు గూడ వస్తది" అంది డాక్టర్. "ఎండ, కారం, వేడి చాయ, కోపం, తాగుడు... ఏది తగిలినా ఎక్కువైతది. మీది ముందు నుంచీ ఎర్రబడే ముఖమేనా?"

జవాబు అనసూయ చెప్పింది. "చిన్నప్పుడు బెల్లం దొంగతనంగ తిని తినలేదంటే, ఈయన బుగ్గలే చెప్పేటియట. మా అత్తమ్మ అంటుండె. ఇప్పుడైతే తిన్నా తినకున్నా ఒకటే ఎరుపు."

డాక్టర్ నవ్వింది. సదానందం నవ్వలేదు. "బిరాన తగ్గేదేమన్న ఉన్నదా, మేడమ్?" అన్నాడు.

"ఒక జెల్ ఉన్నది. రాసిన అరగంటకు ఎరుపు మాయమైతది. సాయంత్రం దాక ఏం చేసినా ముఖం ఎర్రబడదు. తర్వాత మళ్ల వస్తది, ఒక్కోసారి ముందుకంటే ఎక్కువ."

"అదే ఇయ్యిండ్రి!"

"వద్దు మేడమ్" అంది అనసూయ గట్టిగా. "కప్పిపెట్టేది మాకు వద్దు. నెలలు పట్టినా మంచిదే, లోపల తగ్గేది ఇయ్యిండ్రి."

ఈ మనిషికి తన మీద ఇంత పట్టింపు ఉందా అని సదానందం ఆశ్చర్యపోయాడు. డాక్టర్ రాత్రి రాసుకునే క్రీము, రోజుకొకటి చిన్న మోతాదు మాత్ర రాసింది.

"పెద్ద మాత్ర వేసుకుంటే జల్ది తగ్గదా?"

"మోతాదు పెంచితే గుణం పెరగదు. కడుపుల మంట పెరుగుతది. ఎండకు చర్మం గూడ మాడుతది."

ఆ రోజు నుంచి అనసూయ మాత్రలను బీరువాలో పెట్టి తాళం వేసింది, ఆశపోతు మొగుడు రెండు మింగుతాడని. మాత్ర మీద పెద్ద గ్లాసుడు నీళ్లు తాగించేది. వెంటనే నడుం వాల్చకుండా కాపలా కాసేది. ఊరికంతా కారం పట్టే ఇంట్లో పప్పు చప్పగా ఉడికింది, చాయ చల్లారాకే గ్లాసులో పడింది. "ఇంత ప్రేమ పెండ్లైన కొత్తల గూడ చూడలే" అని సదానందం గిర్నికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఎరుపు తగ్గుముఖం పట్టింది గానీ, ఆదివారం వచ్చేసరికి మళ్లీ భగ్గుమనేది. రెండోసారి చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ అదే అడిగింది.

"శనివారం తొర్రూరు పోత మేడమ్, మిరపకాయ చూడ. ఎండ తగులుతది" అన్నాడు సదానందం.

"పదిరోజుల నుంచి ముసురే గద?"

"ముసురైనా నడుమ నడుమ ఎండ గొడ్తాంది. జర మాత్ర పెంచుండ్రి."

"మాత్ర పెంచుడు కాదు. తొర్రూరు తగ్గించుండ్రి."

అనసూయ గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది.

పండుగ దగ్గర పడుతోంది. సదానందం మిరపకాయ బేరాలు ఫోన్లోనే కానిచ్చి, తొర్రూరు పూర్తిగా మానుకున్నాడు. పండుగ నాటికి అద్దంలో పెండ్లినాటి ముఖం కనిపించింది. కమిటీ మీటింగులో చంద్రమౌళే లేచి శాలువా కప్పాడు.

"మానేసినవా బావా? మంచి పని జేసినవ్" అన్నాడు చెవిలో.

సదానందం మండిపడుతూ ఇంటికొచ్చాడు. "తాగితే గద మానేది! చూడు అనసూయా, నీకు తెల్వదా నా సంగతి?"

"ఫికర్ చేయకుండ్రి. జర కూసోండ్రి" అని అనసూయ ఫ్యాను కిందికి కుర్చీ జరిపింది. చల్లటి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన తాగి తేరుకునేదాకా ఆగి, ట్యూబులైటు వేసి ఎదురుగా కూర్చుంది.

"కోపం తగ్గిందా?"

"తగ్గింది."

"ఎండ లేదు, కారం లేదు, చాయ లేదు. ఇగ చెప్పుండ్రి. శనివారాలు తొర్రూరుల మిరపకాయలే చూసిన్రా?"

"మిరపకాయలే."

"చుక్క ముట్టలే?"

"నీ తోడు, ముట్టలే."

అనసూయ ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

సదానందం బుగ్గలు ఎర్రబడ్డాయి.