లేత బోండం

కొబ్బరి బోండం చేతిలోంచి ఎగిరి రోడ్డు మీద పడింది.

లోపలి నీళ్లన్నీ మట్టిపాలయ్యాయి.

పాండురంగం చేతి మీద కొట్టింది ఒక ముసలావిడ. వెలిసిపోయిన బురఖా, చెప్పులు లేని కాళ్లు.

“తాగకు బేటా, నక్కో!”

పుష్పమ్మకు ఒళ్లు మండింది. తాండూరు నుంచి రైలెక్కించి మొగుణ్ణి వికారాబాద్ దవాఖానకు తీసుకొచ్చింది. మిషన్ మీద రక్తం కడిగించుకుని ఇప్పుడే బయటికి వచ్చాడు. ఒకప్పుడు నాపబండలు మోసిన మనిషి, బోండాల బండిని పట్టుకుని నిలబడ్డాడు.

“ఏందే ముసల్దానా, నోటికాడి బోండం కొడ్తవ్?”

“ఆయన చెయ్యి సూడు బిడ్డా. గసొంటి చెయ్యి ఉన్నోళ్లు తాగొద్దు.”

సూదులు గుచ్చీ గుచ్చీ ముంజేతి నరం తాడులా ఉబ్బి ఉంది.

“నీకేం ఎరుక? పులుపు తింటే ఒంట్లె యాసిడ్ అయితది. బోండం నీళ్లే దాన్ని సల్లారుస్తయి. పొద్దుగాల పులుసు పెడితే మాపటికి పాలకూర, అరటిపండు పెడ్త. గంత లెక్కగ సాక్కుంటున్న నా మొగుణ్ణి!”

అబద్ధం కాదు. ఫోను వీడియోలో ఒకాయన చెప్పిన మాటలు ఆమెకు కంఠతా వచ్చు. పులుపుకు విరుగుడు క్షారం. చింతపండు తగ్గించింది. పచ్చిపులుసు మాన్పించింది. నోరు చేదుగా ఉందంటే కీర ముక్క చేతిలో పెట్టేది.

పండ్ల రసాలు వద్దని దవాఖానలో నర్సు చెప్పకపోలేదు. కానీ బోండం రసమెట్లవుతుంది? జబ్బు మనిషిని చూడబోతే ఎవరైనా పట్టుకుపోయేది బోండాలే కదా!

“గా లెక్కనే కొంప ముంచుతది బిడ్డా.”

“శాపం పెడ్తున్నవా? బండేమన్న నీ అయ్యదా?”

పుష్పమ్మ ఒక్క తోపు తోసింది. ముసలావిడ బోండాల డొక్కల కుప్ప మీద కూలబడింది.

బండి మీద బోండాలు కొట్టే నదీం తలెత్తలేదు.

“ఆమెను పట్టించుకోకమ్మా. జర దిమాక్ ఖరాబ్. రోజూ గిదే లొల్లి.”

ఇంకొకటి కొట్టి ఇచ్చాడు. “లేతది. తియ్యగుంటది.”

పాండురంగం నవ్వాడు. “నువ్వు నా పచ్చిపులుసు గుంజుకుంటివి, ఆమె బోండం గుంజుకునె. ఇద్దరూ ఇద్దరేనే పుష్పా!”

గటగటా తాగేశాడు.

ముసలావిడ రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

బతుకమ్మ పండుగ ముందు, ఒక పొద్దున, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు పాండురంగం.

“బోండాలు గిట్ల తాగిండా?” అడిగాడు డాక్టరు.

“రోజూ తాగిండు సారూ. నా చేత్తోనే తాపిన.”



“కిడ్నీలు పనిచెయ్యనోళ్లకు అండ్ల ఉండే పొటాషియం బయటికి పోదమ్మా. ఒంట్ల నిండిపోతే గుండె ఆగుతది. పాలకూర, అరటిపండు గూడ అంతే.”

దినాలయ్యాక పుష్పమ్మ ఒక్కతే వికారాబాద్ రైలెక్కింది. ఆ ముసలావిడ కాళ్లు పట్టుకోవాలని.

డొక్కల కుప్ప అట్లాగే ఉంది. పక్కన ఎవరూ లేరు.

“ముసలామె ఏది?”

“పోయిన జుమ్మానాడు కబరస్తాన్‌ల మట్టిచ్చినం.”

పుష్పమ్మ బండి అంచు గట్టిగా పట్టుకుంది.

“ఆమె చెప్పింది నిజమేనయ్యా. ఆయన చెయ్యి చూసి చెప్పింది. నువ్వేమో దిమాక్ ఖరాబన్నవ్.”

“నేను బోండం సూస్త గని చేతులు సూడనమ్మా. ఆమెను నమ్మితే నా బోండాలు ఎవరు కొంటరు?”

“గంత నిజం ఆమెకెట్ల తెలిసె?”

నదీం కత్తి పక్కన పెట్టాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

“ఈ బండి ఆమెదే. మా అన్న చెయ్యి గూడ గట్లనే ఉబ్బి ఉండె... రోజూ ఏరి ఏరి లేత బోండం కొట్టి, తన చేత్తోనే తాపేది మా అమ్మీ.”