గేరు మార్చిన గొంతు

అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. నేను పక్కన కూర్చుంటేనే శివరాజ్ అన్న కారు బయటికి తీయాలి. చెల్లెలు పక్కనుంటే నిదానంగా తోలుతాడని ఆమె నమ్మకం. అలా నేను పందెపు కారెక్కాను.

నా గొంతు గురించి ముందే చెప్పాలి. బడిలో హాజరుకు గంగ అని పిలిస్తే నేను పలికేది మేడమ్ బల్ల దాకా చేరదు. ముందు బెంచీలోనే కూర్చుని ఉంటాను, గైర్హాజరు పడుతుంది. లేచి చెప్పుకోవడానికి సిగ్గు.

కారు పాతది. లోపల మాత్రం అన్న చేతికి దొరికినదంతా మార్చేశాడు. పెద్ద ఇంజిన్ వేశాడు. వెనక సీటు పీకేశాడు. చివరికి సైలెన్సర్ కూడా పీకేశాడు. కొత్త ఇంజిన్‌కు పాత మీటరు కలవలేదు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ముల్లు సున్నా మీద నిద్రపోయింది. ఆ ముల్లు లేకపోతే గేరు ఎక్కడ మార్చాలో తెలియదు.

ఆదివారం మాలూరు గిరీశ్‌తో పందెం. ఓడినవాడు తాళంచెవి ఇచ్చేసి నడిచి ఇంటికి పోవాలి.

"తాళం పోతే నువ్వూ దాని ఎనకాలే పో," అంది అమ్మ. "రెండేండ్లుగా నీకు పెట్టిన సంగటంతా ఆ బండే తినుండాది."

బంగారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వెనక, గని మూతబడ్డాక ఎవరూ తిరగని తారు రోడ్డు ఒకటుంది. అక్కడే మా సాధన. మొదటి రోజు సీటు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. రెండో గేరులో ఇంజిన్ గోల పెరిగి పెరిగి, ఒక చోట పలచబడింది. రాగులు ఆడించే మిల్లులో గింజలు అయిపోయాక రాళ్లు చేసే చప్పుడు అది. బలం అయిపోయింది, ఉత్త తిరుగుడే మిగిలింది అనిపించింది.

"ఇప్పుడు!" అని అరిచాను.

అన్న గేరు మార్చాడు. కారు ముందుకు దూకింది.

నా మాట మీద ఈ లోకంలో ఒకటి కదలడం అదే మొదటిసారి.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఫోనులో వీడియోలు చూశాను. ఇంజిన్ గొంతు చించుకునేదాకా లాగడం దండగ అని తెలుసుకున్నాను. తొందరపడితే పై గేరు బరువు మోయలేక మూలుగుతుంది. బలం తగ్గడం మొదలయ్యాక, ఒక్క గుటక మింగేంత ఆగి మార్చాలి. ఆ గుటక నా గొంతులో ఉందని నిర్ధారించుకున్నాను.

రోజూ అరిచాను. రోజూ అన్న మార్చాడు. ఒక్కోసారి నా కేక పూర్తికాకముందే మార్చేసేవాడు. అన్నాచెల్లెళ్ల శ్రుతి అంటే అదీ అనుకున్నాను.

హెల్మెట్ పెట్టుకుంటే అన్న ఒక్క మాట మాట్లాడడు. గురువు ముందు శిష్యుడిలా ఉంటాడు. దిగాక ఆ సంగతి అతనూ ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. గొప్పవాళ్ల మధ్య మాటలెందుకు?

ఆదివారం పొద్దున గిరీశ్ ఎర్ర కారులో దిగాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా శివరాజా, పాపను యాడికి పిల్చుకొస్తివి? పందేనికా, పెండ్లికా?"

"బరువు లేకుంటే నా బండి నీకు కనపడకుండా పోతాది. పాపమని ఎక్కించుకొచ్చినా," అన్నాడు అన్న.

బరువంటే నేనే. మా రహస్యం బయటపడకుండా భలే మాటన్నాడని మెచ్చుకున్నాను.

అన్న హెల్మెట్ తగిలించుకున్నాడు. అన్న స్నేహితుడు పాండు టవల్ కిందికి విసిరాడు. రెండు కార్లూ లేచాయి.

మొదటి గేరులో టైర్లు జారాయి. "ఇప్పుడు!" రెండో గేరు పడింది. ఎర్ర కారు ముందుంది. దాని చప్పుడూ మా చప్పుడూ కలిసిపోయాయి. నాకేమీ తెలియలేదు. తాళంచెవి, అమ్మ, సంగటి అన్నీ గుర్తొచ్చాయి. నేను "ఇ" అనేసరికే మూడో గేరు పడింది. "ప్పుడు" అనేసరికి ఎర్ర కారు పక్కకొచ్చింది. నాలుగో గేరుకు ఏం అరిచానో నాకే తెలియదు. బానెట్టు అంత తేడాతో గెలిచాం.

గిరీశ్ దిగి వచ్చాడు. తాళంచెవి మా బానెట్టు మీద పెట్టి, అన్న వైపు కాకుండా నా వైపు చూశాడు.

"నేను చూస్తానే ఉన్న్యా. ఈయమ్మ నోరు తెరిచినప్పుడంతా మీ బండి ఎగురుతాండె. ఏం చెప్తివమ్మా?"

పాండు కూడా దగ్గరికొచ్చాడు. "ఓహో! అయితే గెలిచింది గంగా?"

అందరూ నా వైపు తిరిగారు. హాజరు కూడా పలకలేని నేను, బానెట్టుకు ఆనుకుని పాఠం చెప్పాను. రాగుల మిల్లు చప్పుడు చెప్పాను. గుటక లెక్క చెప్పాను. మీటర్లను నమ్మవద్దని సలహా ఇచ్చాను. గిరీశ్ తల ఊపుతూ విన్నాడు.

"మా మాలూరుకు వచ్చి నాకూ నేర్పియ్యమ్మా," అన్నాడు.

"అన్నను అడిగి చెప్తాను," అన్నాను దర్జాగా. కారులోంచి అప్పుడే దిగుతున్న అన్న వైపు తిరిగి, నలుగురూ వినేట్టు గట్టిగా అడిగాను. "అన్నా, నేను అరవకపోయుంటే ఏమయ్యుండేది? నువ్వే చెప్పు!"

అన్న హెల్మెట్ తీసి, గనిలో డ్రిల్లు మిషన్ పట్టేటప్పుడు మా తాత కుక్కుకున్నట్టే చెవుల్లో కుక్కుకున్న నూనె దూదిని ఒక్కొక్కటిగా బయటికి లాగి, "ఏమడిగితివి గంగా, సైలెన్సర్ పీకిన దినం నుంచి ఇది లేకుండా నేను బండి ఎక్కిందే లేదు, గేరు కడ్డీ అదురు చేతికి తెలిస్తే చాలు కదా," అన్నాడు.