ఊపిరి పొంతన

“జాతకాలు నాకొద్దు బావా. పిల్లోడి ఊపిరితిత్తులు చూపించు” అన్నాడు పిల్ల తండ్రి ఆదిశేషు.

గురవయ్యకు ఈ మాట కొత్త కాదు. మార్కాపురం చుట్టుపక్కల పలకల మిల్లులో రాయి కోసేవాడికి పిల్లనిచ్చే ముందు ఎక్స్‌రే అడగడం రివాజైపోయింది. ఆ రాతి దుమ్ముకే గురవయ్య పెళ్లాం పోయింది. ఆమె పోయిన నెలకే, ఆమె నిలబడిన మిషను దగ్గరే కొడుకు శ్రీకాంత్‌ని నిలబెట్టాడు. వచ్చిన సంబంధాలన్నీ ఎక్స్‌రే చూసి వెనక్కి పోయాయి.

ఆదిశేషుకు ఎక్స్‌రే కూడా చాల్లేదు.

“హైదరాబాదులో గ్యాసు పీల్పించి ఫోటో తీస్తారు. దాంట్లో ఏదీ దాగదు. అది తీయిద్దాం పా.”

పిల్ల అంజలి గురవయ్యకు బాగా నచ్చింది. పదో తరగతి తర్వాత మిల్లులో పలకలు తుడిచిన పిల్ల, పని తెలిసింది. పెళ్లిచూపుల్లో కాఫీలు మేనత్త సరస్వతమ్మే తెచ్చింది. అంజలి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. ఎంత అణకువ అనుకున్నాడు.

ఆసుపత్రిలో ఆదిశేషే ముందు నడిచాడు. ఎటు తిరగాలో ఎవరినీ అడగలేదు. శ్రీకాంత్ భుజం తట్టాడు.

“భయపడబాక నాయనా. సంచిలో గ్యాసు ఇస్తారు. వాసన ఉండదు. తల కొంచెం తిరుగుతాది, అంతే. పీల్చి బిగబట్టు. మధ్యలో వదిలినావంటే మళ్లా మొదటికొస్తాది.”

అన్నీ కనుక్కునే వచ్చినాడే అనుకున్నాడు గురవయ్య.

డాక్టరమ్మ తెర మీద ఫోటో చూపించింది. “గ్యాసు చేరిన చోటు తెలుపు. చేరని చోటు నలుపు.”

ఎడమవైపు సగం నలుపు. కుడివైపు అడుగంతా నలుపు.

“పోయింది తిరిగి రాదు. రేపటి నుంచే ఆ పని మానిపించండి” అంది. గురవయ్య వినలేదు. ఆదిశేషు మొహమే చూస్తున్నాడు.

ఆదిశేషు తెరకేసి చాలాసేపు చూశాడు, సంతలో గొర్రె పళ్లు చూసినట్టు.

“ముహూర్తం పెట్టించు బావా.”

గురవయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. “నువ్వు మనిషివి కాదు బావా, దేవుడివి!”

కొనకనమిట్లలో పెళ్లి. తాళి కట్టడం అయిపోయింది. ఏడడుగులు మొదలయ్యాయి. హోమం పొగకు శ్రీకాంత్ దగ్గాడు. నాలుగో అడుగులో అంజలి ఆగిపోయింది. నోరు తెరిచి, మెడ నరాలు బిగిసి, గాలి కోసం పెనుగులాడింది.

“సిగ్గు చూడండే!” ఆడవాళ్లు నవ్వారు.

గురవయ్య గబుక్కున ఆదిశేషు వైపు తిరిగాడు.

ఆదిశేషు అక్షింతలు చల్లుతూనే పక్కకు వంగి, చెవిలో అన్నాడు: “మా అమ్మి ఫోటో పోయినేడే తీయించినా బావా, అంత నలుపున్న పిల్లోడు దొరక్క ఇన్నాళ్లు తిరిగినా.”